శ్రీకాకుళం సరుకులతో స్వీడన్ ఇంటివంట

స్వీడన్ వంటల్లో మొదట చెయ్యి తప్పేది కొలతల దగ్గర. అక్కడి ఇళ్ళలో పిండీ పంచదారా తూచరు, డెసిలీటర్లలో కొలుస్తారు. డెసిలీటరంటే 100 మి.లీ. పెద్ద చెంచా 15 మి.లీ., చిన్న చెంచా 5. డెసిలీటరు మైదా 60 గ్రాములు తూగుతుంది, పంచదార 85 నుంచి 90. మి.లీ. గీతలున్న కొలతగ్లాసు ఒకటి కొనుక్కుంటే చాలు. టీ గ్లాసుతో అంచనాకి వేస్తే గ్రేవీ గట్టెక్కుతుంది గానీ బన్నులు గట్టెక్కవు.

తర్వాతది మన అలవాటు. కీమా కనబడగానే చెయ్యి అల్లంవెల్లుల్లి ముద్ద వైపు పోతుంది. ఆపుకోవాలి. ఈ వంటకి రుచి మసాలా నుంచి రాదు. వెన్నలో ఎర్రబడ్డ అంచు, సరిపడా ఉప్పు, కంచంలో పక్కనుండే తీపిపులుపు, ఈ మూడే దాని ఆధారం. తిని చప్పగా ఉందనిపిస్తే కారం చల్లకండి, పక్కనున్న పులుపు ఇంకాస్త వడ్డించుకోండి. పచ్చిమిర్చి వేసిన మరుక్షణం అది మన కీమా ఉండల కూర అయిపోతుంది. అదీ మంచి కూరే, కాకపోతే దానికి స్వీడన్ పేరు ఎందుకు?

సరుకుల కోసం విశాఖ సూపర్‌మార్కెట్లకి పరుగెత్తక్కర్లేదు. స్వీడన్ వాళ్ళు సూపు కాచుకునే పసుపు బఠాణీ మన కిరాణాల్లో చాట్ కోసం అమ్మే ఎండు తెల్ల బఠాణీయే. అందులో వేసే ఆకు మన మరువం. యాలకులు సరేసరి. వాళ్ళు చేపమీద చల్లుకునే సోయకూర మాత్రం శ్రీకాకుళం, విజయనగరం రైతుబజార్లలో అరుదు. విత్తనం తెప్పించి అక్టోబరు చివర కుండీలో చల్లితే ఆరేడు వారాల్లో కోతకొస్తుంది. ఎండలు ముదిరాక వేస్తే ఆకు ఎదగకుండానే పూతకి పోతుంది. ఆల్‌స్పైస్ అనే మిరియంలాంటి గింజకి బదులు దాల్చినచెక్క పొడి రెండు వంతులు, లవంగం పొడి ఒక వంతు, జాజికాయ పొడి ఒక వంతు కలిపి పెట్టుకోండి. అది వాడేది చిటికెల్లోనే.

మాంసం ఉండలు, మీగడ గ్రేవీ

షొట్‌బుల్లర్ అని వాళ్ళు పిలిచే ఈ ఉండలకి గొడ్డుమాంసం, పందిమాంసం సగం సగం కలిపిన కీమా వాడతారు. ఉండని మెత్తగా ఉంచేది అందులోని పందికొవ్వు. మనవైపు వేటమాంసంతో చేస్తే ఆ కొవ్వు ఉండదు, ఉండలు గట్టిపడతాయి. కాబట్టి కీమా కొట్టించేటప్పుడే కొంచెం కొవ్వు కలిపి మెషిన్లో రెండుసార్లు తిప్పమనండి. కోడి అయితే రొమ్ము వద్దు, తొడ మాంసం తీసుకోండి.

నలుగురికి అరకిలో కీమా, ఎండు బ్రెడ్డు పొడి 30 గ్రాములు, పాలు 120 మి.లీ., గుడ్డు ఒకటి, మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, ఉప్పు చిన్న చెంచాడు, తెల్లమిరియాల పొడి పావు చెంచా, ఆల్‌స్పైస్ బదులు పొడి పావు చెంచా కావాలి. తీపి రస్కుల పొడి పనికిరాదు.

ముందు బ్రెడ్డు పొడిని పాలలో వేసి పది నిమిషాలు వదిలెయ్యండి. అది పాలన్నీ పీల్చుకుని జావలా అవ్వాలి. ఈ వంటకి ప్రాణం ఆ జావే. వేడికి మాంసం ముడుచుకుని నీరు వదులుతుంటే ఆ నీటిని పట్టి ఉంచేది అదే. పొడిని నానబెట్టకుండా కీమాలో కలిపేస్తే అది మాంసంలోని తడిని లాక్కుని ఉండలని ఇంకా పొడిబారుస్తుంది. ఉల్లిపాయ సన్నగా తరిగి వెన్నలో రంగు మారకుండా మెత్తబడేదాకా వేయించి, చల్లార్చి కలపండి. పచ్చిది వేస్తే నీరూరి ఉండలు విచ్చుకుంటాయి.

కీమాలో ఉప్పొక్కటే వేసి నిమిషంపాటు పిసకండి. చేతికి అంటుకునే జిగురు వస్తుంది. అప్పుడు జావ, గుడ్డు, ఉల్లి, పొడులు వేసి కలిసేదాకా మాత్రమే కలపాలి. ఇంకా పిసికితే ఉండ రబ్బరులా సాగుతుంది. ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. మన వేడికి ఈ విరామం తప్పనిసరి, లేకపోతే కొవ్వు కరిగి ముద్ద చేతిలో జారిపోతుంది. ఆ తర్వాత ఒకే ఒక్క చిన్న ఉండ వేయించి రుచి చూడండి. ఉప్పు తక్కువైందని ఉండలన్నీ చేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

చేతులు చన్నీళ్ళతో తడుపుకుంటూ ఒక్కోటి 20 గ్రాముల ఉండలు చెయ్యండి, పెద్ద ఉసిరికాయకన్నా కాస్త చిన్నవి. ముప్పై అయిదు పైనే వస్తాయి. వెడల్పాటి మూకుట్లో వెన్న ఒక పెద్ద చెంచా, నూనె ఒక పెద్ద చెంచా వేడి చెయ్యండి. వెన్న ఒక్కటే అయితే మాడుతుంది. వెన్న కరిగి నురగలు పొంగి, ఆ నురగ అణిగాక ఉండలు దించాలి. నురగ ఉండగా వేస్తే వెన్నలో ఇంకా నీరుందన్నమాట, ఉండలు వేగవు, ఉడుకుతాయి. ఒక్కసారికి పది పన్నెండు మించకూడదు. అట్లకాడతో తిరగెయ్యకుండా మూకుడు చెవి పట్టుకుని ఊపండి, ఉండలు దొర్లి అన్ని వైపులా ఎర్రబడతాయి. మధ్యస్థం మంటమీద ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒకటి కోసి చూడండి, కోడిదైతే లోపల గులాబీ రంగు అసలు ఉండకూడదు.

గ్రేవీ అదే మూకుట్లో. మాడిన పొడి ఉంటే తుడిచెయ్యాలి, గోధుమరంగులో అంటుకున్నది మాత్రం రుచి, దాన్ని ఉంచాలి. వెన్న పెద్ద చెంచా, మైదా పెద్ద చెంచా వేసి రెండు నిమిషాలు సన్న సెగన వేయించి, 300 మి.లీ. ఎముకల రసం కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. రసం ఒక్కసారే పోస్తే మైదా ఉండలు కడుతుంది. ఐదు నిమిషాలు ఉడికాక మంట తగ్గించి 100 మి.లీ. క్రీమ్, చిన్న చెంచా సోయాసాస్ వెయ్యండి. సోయాసాస్ ఏమిటని ఆశ్చర్యపోకండి, స్వీడన్ ఇళ్ళలో గ్రేవీ రంగుకి, రుచికి అది మామూలే. అందులోనే ఉప్పుంటుంది కాబట్టి ఉప్పు చివర చూసుకోవాలి. స్వీడన్‌లో గిలక్కొట్టే క్రీమ్‌లో కొవ్వు 36 శాతం పైనే, మన ప్యాకెట్ క్రీమ్‌లో 25 శాతం. పల్చని క్రీమ్ గబగబా మరిగితే విరుగుతుంది. ఇంట్లో తీసిన మీగడ ఇంకా బాగుంటుంది, అయితే తాజాదే కావాలి. నాలుగు రోజులు పోగేసిన మీగడకి పులుపు వచ్చేసి వేడి తగలగానే పలుకులవుతుంది.

పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, లింగన్ పళ్ళ జాము, నొక్కిన దోసకాయ. ఇవి లేకుండా ఉండలు వడ్డిస్తే సగం వంటే చేసినట్టు.

లింగన్‌కి బదులు వాక్కాయ. పులుపు, ఎరుపు, కాస్త వగరు, అన్నీ ఉన్నాయి. వానాకాలంలో సంతలకి వస్తుంది. పండి ఎర్రబడ్డవి అరకిలో తీసుకుని, రెండుగా కోసి గింజలు తీసి, ఉప్పునీళ్ళలో పావుగంట వేస్తే పాలు పోతాయి. కడిగి 100 మి.లీ. నీళ్ళతో తొక్క మెత్తబడేదాకా ఉడికించాకే 325 గ్రాముల పంచదార వెయ్యాలి. ముందే వేస్తే తొక్క బిరుసెక్కి ఇక మెత్తబడదు. ఎనిమిది నిమిషాలు ఉడికించి జారుగా ఉండగానే దించెయ్యండి, ఈ కాయలో పెక్టిన్ ఎక్కువ, చల్లారితే దానంతటదే బిగుస్తుంది. స్వీడన్‌లో లింగన్ పళ్ళని ఉడకబెట్టకుండా పచ్చిగానే పంచదారతో కలిపి నెలలు నిలవుంచుతారు. ఆ పండులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉండడంవల్ల అది చెల్లుతుంది. వాక్కాయతో ఆ పని చేస్తే బూజు పడుతుంది. ఉడికించి, ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

దోసకాయ అంటే కీరా. కాగితంలా పల్చగా తరిగి, అర చెంచా ఉప్పు కలిపి, పైన పళ్ళెం పెట్టి బరువు ఉంచి అరగంట తర్వాత నీరు పిండెయ్యండి. ఇక వినిగర్. దీని దగ్గరే చాలా వంటలు పాడవుతాయి. స్వీడన్ వంటల్లో ‘ఎట్టికా’ అంటే 12 శాతం ఆమ్లం, మన కొట్లలో దొరికే సీసా మామూలుగా 4 శాతం. సీసామీద చూసుకోండి. వాళ్ళ లెక్క: ఎట్టికా 30 మి.లీ., పంచదార 2 పెద్ద చెంచాలు, నీళ్ళు 100 మి.లీ. మన సీసాతో అదే పులుపు రావాలంటే వినిగర్ 90 మి.లీ., నీళ్ళు 40. పంచదార మారదు. అది కరిగాక కీరా వేసి గంట ఆగి తినండి.

కవళ్ళు, హెర్రింగ్ పద్ధతిలో

బాల్టిక్ సముద్రపు చిన్న హెర్రింగుని స్ట్రొమ్మింగ్ అంటారు. మన కవళ్ళు ఆ కుటుంబపు చేపలే. భావనపాడు, కళింగపట్నం, ఇటు విజయనగరం జిల్లాలో చింతపల్లి తీరం నుంచి వచ్చేవాటిలో కన్ను మెరుస్తూ, పొట్ట గట్టిగా ఉన్నవి ఏరుకోండి. ఐసు లేకుండా ఎండలో పెట్టిన కవళ్ళు ఎంత చవకైనా వద్దు. ఈ జాతి చేపల్లో వేడికి హిస్టమిన్ పుడుతుంది, దాన్ని ఎంత వేయించినా పోగొట్టలేం. దద్దుర్లు, తలనొప్పి దానివల్లే.

పొలుసు గీకి తల తీసి, పొట్ట నిలువునా చీల్చి శుభ్రం చెయ్యండి. చేపని పొట్టవైపు కిందకి బోర్లా పెట్టి, వీపు వెంబడి బొటనవేలితో తలవైపు నుంచి తోకదాకా గట్టిగా నొక్కండి. తిప్పి చూస్తే వెన్నుముల్లు పైకి లేచి ఉంటుంది. తలవైపు కొస పట్టుకుని మెల్లగా లాగితే పక్కముళ్ళతో సహా వచ్చేస్తుంది, తోక దగ్గర తుంచెయ్యడమే. పుస్తకంలా తెరుచుకున్న చేపని గుడ్డతో తడి లేకుండా అద్దండి. తడి ఉంటే పిండి ముద్దకట్టి పెనానికి అంటుకుని ఊడుతుంది.

లోపలివైపు ఉప్పు, తెల్లమిరియాల పొడి, తరిగిన సోయకూర చల్లి, ఇంకో చేపని దానిమీద లోపలివైపులు కలిసేలా మూతపెట్టినట్టు పెట్టండి. స్వీడన్‌లో రై అనే ధాన్యం పిండి అద్దుతారు. ఇక్కడ చోడిపిండి రెండు వంతులు, గోధుమపిండి ఒక వంతు బాగా సరిపోతుంది, ఆ మట్టివాసన దగ్గరదగ్గర వస్తుంది. వెన్న, నూనె కలిపి ఒక్కోవైపు మూడు నిమిషాలు. ఎక్కువసార్లు తిప్పకండి.

దీని పక్కన బంగాళాదుంప ముద్ద. ఉడికిన దుంపని వేడిగానే చిదిమి వేడి పాలు, వెన్న, జాజికాయ వెయ్యాలి. మిక్సీలో మాత్రం తిప్పొద్దు, పిండిపదార్థం చితికి బంకలా సాగుతుంది.

మిగిలిన వేపుడు చేపలదే అసలు మజా. స్వీడన్‌లో ఊరవేత నీటికి 1-2-3 అని ఒక లెక్కుంది: ఎట్టికా ఒక వంతు, పంచదార రెండు, నీళ్ళు మూడు. 4 శాతం వినిగర్‌తో అయితే వినిగర్ మూడు వంతులు, పంచదార రెండు, నీళ్ళు ఒకటి. ఇది గమనించకుండా వాళ్ళ లెక్క మన సీసాతో వేస్తే పులుపు మూడోవంతుకి పడిపోయి చేప చెడుతుంది. నీటిని మరిగించి, బిర్యానీ ఆకు, ఆరు మిరియాలు, రెండు లవంగాలు వేసి పూర్తిగా చల్లార్చండి. గాజు గిన్నెలో చేపలు, ఉల్లి చక్రాలు పేర్చి ఆ నీరు పొయ్యండి. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఊరాక బాగుంటాయి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి. తీపి ఎక్కువనిపిస్తుంది. అది అలాగే ఉండాలి, ఉప్పు దుంపతో తింటే కుదురుతుంది.

పచ్చి సాల్మన్‌ని ఉప్పు, పంచదారతో ఊరబెట్టే గ్రావ్‌లాక్స్ జోలికి వెళ్ళొద్దు. పురుగులు చావాలంటే చేపని మైనస్ 20 డిగ్రీల్లో రోజంతా గడ్డకట్టించాలి. గంటగంటకి కరెంటు పోయే ఇంటి ఫ్రిజ్‌ని నమ్మి, అందులోనూ మన చెరువు చేపతో చెయ్యడం అనవసరపు సాహసం.

గురువారం బఠాణీ సూపు, అట్లు

స్వీడన్‌లో గురువారం బఠాణీ సూపు, ఆ వెంటనే జాముతో అట్లు తినడం పాత ఆనవాయితీ. సైన్యంలోనూ అదే. శుక్రవారం ఉపవాసానికి ముందురోజు కడుపునిండా తినేవారని, అక్కడి నుంచి వచ్చిందని చెబుతారు.

పావుకిలో ఎండు బఠాణీ లీటరు నీళ్ళలో పన్నెండు గంటలు నానాలి. బోరునీళ్ళు గట్టివైతే ఎంత ఉడికించినా గింజ పలుకుగానే ఉంటుంది, నీళ్ళలోని కాల్షియం తొక్కని బిగదీస్తుంది. నానబెట్టేటప్పుడు పావు చెంచా వంటసోడా వేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. ఎక్కువ వేస్తే సబ్బు రుచి. ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు లీటరు, ఉల్లిపాయ ముక్కలతో కుక్కర్లో నాలుగు కూతలు, తర్వాత సన్న సెగన పది నిమిషాలు. కుక్కరు సగానికి మించి నింపకండి. బఠాణీ నురగ, తొక్కలు కూత గొట్టానికి అడ్డం పడతాయి. అక్కడ ఉప్పులో ఊరిన పందిమాంసం వేస్తారు. తినేవాళ్ళు 200 గ్రాములు పెద్ద ముక్కగా వేసి, ఉడికాక తీసి చిన్నగా కోసి మళ్ళీ కలపండి. తిననివాళ్ళు మాంసం లేకుండానే చేసుకోవచ్చు, చివర ఒక చెంచా వెన్న వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

మూత తీశాక గరిటెతో సగం గింజలు చిదిమి, పది నిమిషాలు చిక్కబడనివ్వండి. అప్పుడు మరువం రెండు రెమ్మల ఆకు, నాలుగు వాము గింజలు నలిపి వెయ్యండి. వాములో, వాళ్ళు ఈ సూపులో వేసే థైమ్ అనే ఆకులో ఒకే రకం వాసన ఉంటుంది కాబట్టి అది బదులు పనిచేస్తుంది. ఐదో గింజ వేస్తే జీర్ణానికి తాగే కషాయం గుర్తొస్తుంది. మరువం పూలకొట్లో మాలల కోసం అమ్మేది కొనకండి, దానిమీద ఏం కొట్టారో తెలియదు. కుండీలో పెంచుకున్నదే వాడండి.

సూపులో కలుపుకోవడానికి తియ్యటి ఆవ పెట్టుకుంటారు. ఆవపెట్టిన కూరలు వండే ఇళ్ళకి ఇది కొత్తకాదు. ఆవాల పొడి 4 పెద్ద చెంచాలు చన్నీళ్ళతో తడిపి పది నిమిషాలు ఆగితే ఘాటు లేస్తుంది. వేన్నీళ్ళు పోస్తే ఆ ఘాటు పుట్టదు. ఆ తర్వాతే 2 చెంచాల వినిగర్, 2 చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు. చేసినరోజు చేదుగా ఉంటుంది, మర్నాటికి సర్దుకుంటుంది.

అట్లకి మైదా 150 గ్రాములు, ఉప్పు అర చెంచా, పాలు 600 మి.లీ., గుడ్లు మూడు, కరిగిన వెన్న 3 పెద్ద చెంచాలు. పిండిలో సగం పాలే ముందు పోసి ఉండల్లేకుండా గిలకొట్టి, మిగతావి తర్వాత కలిపి అరగంట ఉంచండి. దోసె వేసే చేతికి ఒక చిక్కు: గరిటెతో తిప్పడం. ఈ పిండి నీళ్ళలా ఉంటుంది, గరిటె తగిలితే చిరుగుతుంది. అంచున్న పెనంలో పావు గరిటె పోసి పెనాన్నే వంచి తిప్పండి. పైన తడి ఆరి అంచు గోధుమరంగులోకి వచ్చాకే తిప్పాలి. మొదటి అట్టు పెనానికి నైవేద్యం, దాన్ని లెక్కపెట్టకండి.

దాల్చినచెక్క బన్నులు

కనేల్‌బుల్లె. దీనికి స్వీడన్‌లో ఒక రోజే కేటాయించారు, 1999 నుంచి అక్టోబరు 4. రుచి రహస్యం దాల్చినచెక్కలో కన్నా పిండిలో పడే యాలకుల్లో ఉంది. యాలకులు మెత్తని పొడి కాకుండా అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచాలి.

పిండికి: మైదా 420 గ్రాములు, పాలు 250 మి.లీ., వెన్న 75 గ్రాములు, పంచదార 50 గ్రాములు, దంచిన యాలకులు చిన్న చెంచాడు, ఉప్పు పావు చెంచా, ఇన్‌స్టంట్ ఈస్ట్ 6 గ్రాములు. లోపల పూతకి మెత్తని వెన్న 75 గ్రాములు, పంచదార 50 గ్రాములు, దాల్చినపొడి పెద్ద చెంచాడు. ఇరవై చిన్న బన్నులు వస్తాయి.

స్వీడన్ పద్ధతుల్లో పాలు 37 డిగ్రీలకి వేడి చెయ్యమంటారు. అది చలిదేశపు వంటగదికి చెప్పిన మాట. మే నెలలో మన వంటగదే ఆ వేడిలో ఉంటుంది. ఫిబ్రవరి చివరి నుంచి అక్టోబరు దాకా పాలు చల్లగానే వాడండి, ఈస్ట్ 4 గ్రాములకి తగ్గించండి. లేకపోతే పిండి అరగంటలో పొంగి, పుల్లవాసన కొట్టి, చుట్టేటప్పుడు వెన్న కరిగి కారిపోతుంది. డిసెంబరు, జనవరిల్లో గోరువెచ్చని పాలు సరే.

అన్నీ కలిపి పది నిమిషాలు మర్దించండి. మొదట చేతికి అంటుకుంటుంది, అంటుకుంటోందని మైదా చల్లుకుంటూ పోవడమే అందరూ చేసే తప్పు. బన్ను గట్టిపడేది అక్కడే. ఆరేడు నిమిషాలకి పిండి దానంతటదే గిన్నె వదులుతుంది. చిన్న ముక్క వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించే పొరలా రావాలి. తడిగుడ్డ కప్పి రెట్టింపయ్యేదాకా ఉంచండి, వేసవిలో 40 నిమిషాలు, చలికాలంలో గంటన్నర.

పిండిని 30 × 40 సెంటీమీటర్ల చాపలా వత్తి, వెన్న, పంచదార, దాల్చిన పూసి, చాప చుట్టినట్టు చుట్టి రెండు సెంటీమీటర్ల ముక్కలు కొయ్యండి. కత్తి నొక్కితే ముక్క చదునవుతుంది, గట్టి కుట్టుదారం కిందినుంచి చుట్టి బిగిస్తే గుండ్రంగా తెగుతుంది. చుట్టు బిగువుగా ఉంటే మధ్య పొర పైకి పొడుచుకొస్తుంది, వదులుగా చుట్టండి. మళ్ళీ 30 నిమిషాలు పొంగనిచ్చి గుడ్డు రాయండి. వాళ్ళు పైన చల్లే ముత్యపు పంచదార కరగదు. మనం పటికబెల్లం బరకగా దంచి చల్లుకోవచ్చు.

ఓవెన్ వేడి 225 డిగ్రీలు, ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్లలో పైకడ్డీ బన్నుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి 200లో పన్నెండు నిమిషాలు మేలు. తక్కువ వేడిలో ఎక్కువసేపు కాలిస్తే లోపలి వెన్న కారి, బన్ను ఎండుతుంది. బయటికి తియ్యగానే గుడ్డ కప్పండి, ఆ ఆవిరికి పైపొర మెత్తబడుతుంది.

ఇదే పిండితో గుండ్రని బన్ను కాల్చి, లోపల తొలిచి బాదం ముద్ద, గిలక్కొట్టిన క్రీమ్ పెడితే సెమ్లా. బాదం బదులు పలాస జీడిపప్పు పంచదారతో నూరి పెట్టినా చక్కగా కుదురుతుంది. క్రీమ్ మాత్రం చలికాలంలో తప్ప మన గాలికి నిలబడదు, 25 శాతం క్రీమ్ అయితే అసలు లేవదు.

బన్నులు ఆ రోజే బాగుంటాయి. మిగిలినవి పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో వెయ్యండి, స్వీడన్ ఇళ్ళలోనూ అదే చేస్తారు. ఫ్రిజ్ కింది అరలో పెడితే మాత్రం మర్నాటికే పొడిబారతాయి. తినేముందు నీళ్ళు చిలకరించి ఐదు నిమిషాలు వేడి చేస్తే చాలు.